చెవి మిషన్ ఉన్న పాపని మామూలు అంగన్‌వాడీకే పంపండి

మూడున్నరేళ్ల పాపకి చెవి మిషన్ పెట్టించాం, అంగన్‌వాడీకి పంపితే తోటిపిల్లలు వెక్కిరిస్తారేమో, ప్రత్యేక బడి దొరికేదాకా ఇంట్లోనే ఉంచమంటారా అని అడిగారు. ఉంచకండమ్మా. రేపే పంపండి. నేను కోనసీమలో ఒక లంక ఊళ్లో అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయ్యాను. మూడేళ్ల పిల్లలకి వెక్కిరించడం తెలీదు. అది మన పెద్దవాళ్లు నేర్పేదే.

మా సెంటరుకి రెండు చెవులూ వినపడని పాప ఒకర్తి వచ్చేది. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళితే అమ్మమ్మ పెంచేది. ముందు ఒక కాన్వెంటుకి తీసుకెళితే మావల్ల కాదని పంపేశారట. మేం చేర్చుకున్న వారానికే ఇంకో పిల్లాడి తాతగారు వచ్చి, "దాని పక్కన కూర్చోబెడితే మావాడికీ మాటలు రావు" అన్నారు. అదేమీ అంటుకునే జబ్బు కాదండి, కావాలంటే రోజూ వచ్చి చూసుకోండి అన్నాను. ఆయన నిజంగానే వచ్చి అరుగు మీద కూర్చునేవారు.

ఒకరోజు కాళ్లాగజ్జీ ఆడిస్తున్నాను. పిల్లలు వరసగా కాళ్లు చాపుకుని కూర్చుంటారు, ఒకరు పాట పాడుతూ ఒక్కో కాలూ తాకుతూ పోతారు, పాట ఎవరి కాలి దగ్గర ఆగితే వాళ్లు ఆ కాలు ముడవాలి. పాపకి పాట వినపడదు కాబట్టి ఎప్పుడు ముడవాలో తెలిసేది కాదు. పక్కవాళ్లు అరిచేవారు, అది బిక్కమొహం వేసేది. ఆరోజు పాడుతున్నది ఇటుకబట్టీ పనికి ఒడిశా నుంచి వచ్చినవాళ్ల అమ్మాయి. దానికి తెలుగు అంతంతమాత్రం, పాటలో సగం మాటలు దాని సొంతం. ఆఖరి మాట దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల ఊరికే తాకకుండా పాప కాలి బొటనవేలు పట్టుకుని లాగింది. పాప ఉలిక్కిపడి, కిలకిలా నవ్వేసి, కాలు ముడిచేసింది. ఇక చూడండి, అందరికీ వేలు లాగాల్సిందే! చెవులు బాగున్న పిల్లలు కూడా నాకూ లాగు, నాకూ లాగు అని గోల. ఆ తర్వాత మా సెంటర్లో ఆ ఆట అలాగే సాగింది. నేను చెప్పింది కాదది, ఏ ట్రైనింగులోనూ రాసి లేదు. ఆ తాతగారి మనవడే తర్వాత తర్వాత గుడ్డు పెట్టేవేళకి పాప భుజం తట్టి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాడు. తాతగారు మరి నోరెత్తలేదు.

అందుకే చెబుతున్నాను, ఒకే రకం పిల్లల్ని ఒకచోట పోగేసి టై, బెల్టు కట్టి, మూడేళ్లకే ఏబీసీడీలు రాయించడం చదువు కాదు. ఆ వయసులో పెన్సిలు పట్టి అక్షరాలు రాసేంత బలం వేళ్లకి ఇంకా రాదు. వాళ్లు నేర్చుకోవాల్సింది పక్కవాడితో ఎలా ఆడాలో. దానికి పక్కన రకరకాల పిల్లలుండాలి.

ఎక్కడైనా "మేం చేర్చుకోం" అంటే వెనక్కి తగ్గకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న బడులు లోపం ఉందని పిల్లల్ని కాదనకూడదు. అంగన్‌వాడీల్లో దివ్యాంగ పిల్లల కోసం 2023 నవంబరులో కేంద్రం ప్రత్యేకంగా ఒక ప్రోటోకాల్ కూడా తెచ్చింది. మంచిదే. కానీ తూకాలు, రేషన్, గర్భిణుల లెక్కలు, యాప్‌లో ఫోటోలు ఇవన్నీ ఒక్క టీచరు నెత్తిన పెడితే పిల్లల మధ్య కూర్చునే టైమెక్కడిది? లంకల్లో సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని గట్టెక్కి నిలబడాలి. ఆ పని తగ్గిస్తే పిల్లలకి సగం మేలు జరుగుతుంది.

ఇంకో సంగతి. ఆర్‌బీఎస్‌కే అని పిల్లల ఆరోగ్య పరీక్షలకి సర్కారు పథకం ఉంది, ఆ డాక్టర్లు ఏడాదికి రెండుసార్లు పిల్లల్ని చూడాల్సింది అంగన్‌వాడీలోనే. ఇంట్లో కూర్చోబెడితే అదీ తప్పిపోతుంది. మీ మండలంలో భవిత కేంద్రం, అంటే దివ్యాంగ పిల్లల కోసం సర్కారు నడిపే కేంద్రం, ఉంటే అక్కడికీ తీసుకెళ్లండి, అంగన్‌వాడీ మానిపించి మాత్రం కాదు.

టీచరుకి ఎదురుగా, ఆవిడ పెదాలు కనపడేలా పాపని కూర్చోబెట్టమనండి. టీచరు కిటికీకి వీపు పెట్టి నిలబడితే మొహం నీడలో పడి ఏమీ కనపడదు. మన గోదావరి జిల్లాల ఉక్కకి చెవి మిషన్లు చెమట పట్టి పాడవుతాయి. రాత్రి తీసి, పొడిగుడ్డతో తుడిచి, బ్యాటరీ మూత తెరిచి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టండి. బ్యాటరీల జత ఒకటి ఎప్పుడూ టీచరు దగ్గర ఉంచండి.