ఇస్లామీయ చరిత్రలోని నాయకురాళ్ల గురించి పాఠాలు చెప్పబోయే చెల్లెలికి

ప్రియమైన చెల్లీ,

అస్సలాము అలైకుమ్. విజయవాడలో ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదువుకుంటున్న మన అమ్మాయిలకు ఆదివారాల్లో ఇస్లామీయ చరిత్రలో స్త్రీల నాయకత్వం గురించి చెప్పబోతున్నావని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశావు. చాలా ఏళ్లుగా ఈ వయసు పిల్లలకు చరిత్ర చెప్పినదాన్ని కనుక, నాకు తోచినదంతా రాస్తున్నాను.

పేర్ల జాబితాతో మాత్రం మొదలుపెట్టవద్దు. దైవప్రవక్త (స) సతీమణి హజ్రత్ ఖదీజా (రజి) వ్యాపారం చేశారు, మరో సతీమణి హజ్రత్ ఆయిషా (రజి) ఆయన మాటలను, చేతలను తెలిపే హదీసులు వేలల్లో ఉల్లేఖించారు, రజియా ఢిల్లీని ఏలింది అని ఒక్క గంటలో ఏకరువు పెడితే పిల్లలు శ్రద్ధగానే రాసుకుంటారు, మరుసటి ఆదివారానికి శ్రద్ధగానే మరిచిపోతారు. ఒక్కో పాఠానికి ఒక్క స్త్రీని, ఆమె జీవితంలో ఒక్క సందర్భాన్ని తీసుకో. అప్పుడు ఆమె ఎదుట ఎన్ని దారులున్నాయి, దేన్ని ఎంచుకుంది, ఎందుకు ఎంచుకుంది అన్నది పిల్లలే తేల్చుకునేలా చెప్పు. గొప్ప స్త్రీలు ఉండేవారని తెలిసినంత మాత్రాన పదిహేనేళ్ల పిల్లకు ఒరిగేది తక్కువ. ఒక చిక్కులో పడ్డ మనిషి ఎలా ఆలోచించిందో తెలిస్తే ఆ పిల్లకు అది రేపు పనికొస్తుంది.

మొదటి పాఠం మక్కా దగ్గరి హుదైబియాలో కుదిరిన ఒప్పందం కావాలని నా అభిప్రాయం. హిజ్రీ 6, అంటే క్రీ.శ. 628. కాబా యాత్ర అయిన ఉమ్రా చేయాలని, యాత్రికుల వస్త్రమైన ఇహ్రామ్ ధరించి, ఖుర్బానీ (బలి) పశువులను వెంట తోలుకుని సుమారు 1400 మంది మదీనా నుంచి బయలుదేరారు. మక్కా పొలిమేరల్లో, అప్పటికి ముస్లింలతో వైరంలో ఉన్న ఆ ఊరి తెగ ఖురైషులు అడ్డగించారు. చివరికి కుదిరిన ఒప్పందం ప్రకారం ఈ ఏడు కాబాను చూడకుండానే వెనుదిరగాలి. పైగా మక్కా నుంచి పారిపోయి వచ్చిన ముస్లింను తిరిగి అప్పగించాలి. సంతకాలు జరుగుతుండగానే అబూ జందల్ అనే యువకుడు సంకెళ్లు ఈడ్చుకుంటూ వచ్చి ఆశ్రయం కోరినా అతణ్ని వెనక్కు పంపవలసి వచ్చింది. ఆ తర్వాత దైవప్రవక్త (స) లేచి ఖుర్బానీ ఇవ్వండి, తలలు గొరిగించుకోండి అని మూడుసార్లు చెప్పినా, ప్రాణాలివ్వడానికి సిద్ధపడి వచ్చిన ఆ సహచరులలో ఒక్కరూ కదలలేదు. ఆయన తన సతీమణి హజ్రత్ ఉమ్మె సలమా (రజి) గుడారంలోకి వెళ్లి జరిగింది చెప్పారు.

కథను సరిగ్గా ఇక్కడ ఆపేయి. 'ఆ గుడారంలో మీరుంటే ఏం చెబుతారు?' అని అడిగి, ప్రతి అమ్మాయి చేతా ఒక వాక్యం రాయించు. గట్టిగా మందలించమంటుంది ఒకతె, ఇంకోసారి నచ్చజెప్పమంటుంది మరొకతె, కొంతసేపు వాళ్ల మానాన వాళ్లను వదిలేయమంటుంది వేరొకతె. అన్నీ చదివించాకనే ఉమ్మె సలమా ఇచ్చిన సలహా చెప్పు: బయటికి వెళ్లండి, ఎవరితోనూ ఒక్క మాట కూడా అనవద్దు, మీ ఖుర్బానీ మీరు ఇవ్వండి, క్షురకుణ్ని పిలిచి మీ తల గొరిగించుకోండి. ఆయన అలాగే చేశారు. అది చూసి అందరూ లేచి తమ పశువులను ఖుర్బానీ ఇచ్చారు, ఒకరి తల ఒకరు గొరిగారు. వాళ్లది ధిక్కారం కాదని, దుఃఖమని ఆమె గ్రహించింది. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఇంకో ఆజ్ఞ అక్కరలేదని, ముందు ఒకరు నడిచి చూపితే చాలని ఆమెకు తెలిసింది. ఈ ఉదంతం బుఖారీ హదీసు సంకలనంలో ఉంది. దాని తెలుగు అనువాదం చేతిలో పెట్టుకుని వెళ్లు, పిల్లల చేతే చదివించు.

దివ్య ఖుర్‌ఆన్‌లోని సబా రాణి ప్రస్తావన రెండో వారానికి సరిపోతుంది. 27వ సూరా (అధ్యాయం) అన్‌నమ్ల్‌లో, సులైమాన్ ప్రవక్త నుంచి లేఖ అందాక ఆమె తన సర్దారులను సమావేశపరిచి, మీరు లేకుండా నేను ఏ విషయమూ తేల్చను అంటుంది. మేము బలవంతులం, నిర్ణయం నీదే అని వాళ్లు యుద్ధానికి సిద్ధపడితే ఆమె తొందరపడక ముందు ఆయనకు కానుకలు పంపి చూస్తుంది. పిల్లలు ఇప్పటికే ఓదిన సూరాయే కావడం వల్ల పెద్దగా వివరించనక్కరలేదు.

నాయకత్వం అంటే సింహాసనమే అన్న భావన పిల్లల్లో నాటుకోకూడదు. ఖుర్‌ఆన్ తొలి సంకలన ప్రతి దైవప్రవక్త (స) సతీమణి హజ్రత్ హఫ్సా (రజి) సంరక్షణలో ఉండేదని, ఖలీఫా ఉస్మాన్ (రజి) ప్రతులు రాయించినప్పుడు దాన్ని ఆమె దగ్గరి నుంచే తెప్పించారని చెప్పు. 11వ శతాబ్దంలో మక్కాలో కరీమా మర్వజియ్యా బుఖారీ హదీసులు బోధించేవారు. ఖతీబ్ బగ్దాదీ వంటి పండితుడు ఆమె దగ్గర పాఠం చదువుకున్నాడు. చదువులో ముందుండాలని తపించే పిల్లలకు ఈ పాఠం రజియా కథకంటే ఎక్కువగా మనసుకు హత్తుకుంటుంది.

ఇక కష్టమైన ప్రశ్నల సంగతి. అవి వస్తాయి, రావాలి కూడా. స్త్రీకి పాలన అప్పగించిన జాతి బాగుపడదన్న హదీసు ఉంది కదా అని ఏదో ఒక అమ్మాయి ఫోన్‌లో చూసి వచ్చి అడుగుతుంది. తప్పించుకోకు. పారశీకులు తమ చక్రవర్తి కుమార్తెను గద్దెనెక్కించారన్న వార్త విన్నప్పుడు ఆ మాట వచ్చిందని, దాన్ని ఉల్లేఖించిన అబూ బక్రా (రజి) జమల్ యుద్ధ సందర్భంలో దాన్ని గుర్తుచేసుకున్నారని, పూర్వ పండితుల్లో అధికులు దాన్ని రాజ్యాధికారానికి అడ్డంకిగానే తీసుకోగా అది ఆ ఒక్క రాజ్యం గురించిన మాటేనని చెప్పేవారూ ఉన్నారని, ఉన్నది ఉన్నట్టు చెప్పు. 656లో బస్రా దగ్గర జరిగిన ఆ జమల్ యుద్ధాన్ని కూడా దాచవద్దు. హజ్రత్ ఆయిషా (రజి) ఖలీఫా హజ్రత్ అలీ (రజి)కు ఎదురు పక్షాన నిలిచారు, ఓడారు, ఆయన ఆమెను గౌరవంగా మదీనాకు పంపారు. నీ తరగతిలో షియా కుటుంబాల పిల్లలు కూడా ఉండవచ్చు కనుక ఇద్దరి పట్లా సమాన మర్యాదతో మాట్లాడు. ముందే మీ మస్జిద్ మౌలానా సాహెబ్‌ను కలిసి, ఈ పాఠం ఎలా చెప్పబోతున్నావో ఆయనకు చెప్పి, ఆయన సూచనలు తీసుకో. పేచీ వచ్చాక సంజాయిషీ ఇచ్చుకోవడం కంటే అది మేలు.

రజియాను చెప్పేటప్పుడు కూడా విజయగాథగా మార్చవద్దు. ఆమె 1236 నుంచి 1240 దాకా పాలించింది, తుర్కీ సర్దారుల తిరుగుబాటులో అధికారాన్ని, ఆపై ప్రాణాన్ని కోల్పోయింది. రాజుకు కావలసిన సుగుణాలన్నీ ఆమెకున్నా పురుషుడిగా పుట్టలేదు కనుక అవి ఆమెకేం అక్కరకొచ్చాయని ఆ కాలపు చరిత్రకారుడే రాశాడు. ఆ మాటను బోర్డు మీద రాసి, అందులో మెప్పు ఎంత, తీర్పు ఎంత అని పిల్లలను విడదీయమను. మంచి చర్చ జరుగుతుంది.

రూఢి అయినదాన్నీ కానిదాన్నీ కలిపేయకుండా ఉండడం నీకు అన్నిటికంటే ముఖ్యమైన క్రమశిక్షణ. మొరాకోలోని ఫెజ్ నగరంలో 859లో ఖరవియ్యీన్ మస్జిద్‌ను ఫాతిమా ఫిహ్రీ కట్టించిందన్న కథనం 14వ శతాబ్దపు చరిత్రకారుడి ద్వారా మనకు అందింది. అది ప్రపంచంలోనే మొదటి విశ్వవిద్యాలయమని ఆమె కట్టించిన రోజుకే అంటగట్టడం సరికాదు. మస్జిద్ క్రమంగా విద్యాకేంద్రం అయింది. పిల్లలు ఒక అతిశయోక్తిని పట్టుకున్నారంటే మిగిలిన నిజాలను కూడా అనుమానిస్తారు.

యెమెన్ రాణి అర్వాను తప్పక చేర్చు. 1138లో మరణించేదాకా ఆమె పాలించింది, శుక్రవారం నమాజు ప్రసంగమైన జుమా ఖుత్బాలో ఆమె పేరు చదివేవారు. రాజధానిని సనా నుంచి జిబ్లాకు మార్చేముందు రెండు ఊళ్ల జనాన్నీ గమనించమని భర్తను కోరిందట. సనాలో కత్తులు తళతళలాడాయి, జిబ్లాలో జనం పొట్టేళ్లనూ నెయ్యి, తేనె కుండలనూ తెచ్చారు, వీళ్ల మధ్య బతుకు మేలని ఆమె అంది. ఆమె షియాలలో ఇస్మాయిలీ శాఖకు చెందినది. అది కూడా చెప్పు.

చివరగా మన గడ్డ మీది హయాత్ బక్షీ బేగం. హైదరాబాద్ నిర్మాత ముహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు. 1626లో భర్త పోయాక చిన్నవాడైన కొడుకు అబ్దుల్లా తరఫున రాజ్య వ్యవహారాల్లో పెద్ద దిక్కుగా నిలిచింది. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు స్వయంగా అతని శిబిరానికి వెళ్లి సంధి మాట్లాడింది. ఆ సంధిలో భాగంగా ఆమె మనవరాలిని ఔరంగజేబు కుమారుడికి ఇచ్చి పెళ్లి చేశారు. రాజ్యం కోసం ఒక ఆడపిల్ల పెళ్లిని నిర్ణయించడం గురించి మీ పిల్లలు నిలదీస్తారు. నిలదీయనివ్వు, ఆమెను సమర్థించే బాధ్యత నీ మీద వేసుకోకు. విజయవాడ నుంచి హైదరాబాద్ బస్సులో వెళ్లినప్పుడల్లా వాళ్లు దాటే హయత్‌నగర్ ఆమె పేరు మీద వెలసినదే. ఆ ఊళ్లో ఆమె పేరిట ఉన్న మస్జిద్‌ను, గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల్లో ఆమె సమాధిని ఒక్కరోజులో చూపించవచ్చు.

ఆ ప్రయాణం బాధ్యత పిల్లలకే అప్పగించు. బస్సు మాట్లాడడం, తలా ఎంత వేసుకోవాలో లెక్కగట్టడం, నమాజు వేళలకు ఎక్కడ ఆగాలో చూసుకోవడం, అనుమతికి తల్లిదండ్రులను ఒప్పించడం వాళ్లు పంచుకోవాలి. తల్లుల్లో వీలున్నవాళ్లను తోడు రమ్మను. చాలామంది అమ్మలు ఈ కథలు వినివుండరు, కూతుళ్ల నోట వినడం వాళ్లకూ ఇష్టంగా ఉంటుంది. డబ్బు లెక్క రాసే పుస్తకం మాత్రం అందరికంటే తక్కువ మాట్లాడే అమ్మాయి చేతికివ్వు, తిరిగొచ్చాక ఆ లెక్కను అందరి ముందూ ఆమే చదవాలని ముందే చెప్పు.

దువాలతో,
మీ ఆపా