జలప్రవేశమా, నౌకాదళ ప్రవేశమా?

సందేహం: మగర్ యుద్ధనౌక గురించి రాస్తూ, "1984లో జలప్రవేశం చేసి, 1987లో నౌకాదళంలో చేరి, 2023లో పదవీ విరమణ చేసిన ట్యాంకు నౌక" అన్నాను. జలప్రవేశమన్నా నౌకాదళంలో చేరడమన్నా ఒకటేనని, రెండేళ్లు ఇవ్వడం తప్పని మా మిత్రుడి వాదన. ఏది ఒప్పు?

సమాధానం: మీరు రాసిందే ఒప్పు. మీ మిత్రుడు పొరబడటానికి కారణం బహుశా గృహప్రవేశం. ఇల్లు పూర్తయ్యాక గృహప్రవేశం చేస్తాం కాబట్టి, ఓడ కూడా అంతా సిద్ధమయ్యాకే నీళ్లలోకి దిగుతుందనుకుంటాం. నిజానికి జలప్రవేశం నాటికి తయారయ్యేది ప్రధానంగా ఓడ ఒళ్లే. లోపలి అమరికలు చాలావరకు నీటి మీద తేలుతుండగానే జరుగుతాయి. ఆ తర్వాత సముద్రంలో పరీక్షలు, అవి నెగ్గితే నౌకాదళంలో చేరిక. కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ షిప్‌యార్డులో కట్టిన మగర్‌కు ఈ మధ్యకాలమే మూడేళ్లు దాకా పట్టింది. దాని జంట నౌక ఘరియాల్ కథ ఇంకా స్పష్టం. దాని ఒళ్లు తయారైంది మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో, అమరికలు జరిగింది కోల్‌కతాలో, నౌకాదళంలో చేరింది 1997లో. పత్రికల్లో మాత్రం ఈ రెంటినీ కలిపేసి, చేరిక రోజున కూడా "జలప్రవేశం" అని శీర్షిక పెట్టేస్తుంటారు.

నాకు నచ్చనిది "ట్యాంకు నౌక". అది వినగానే సగం మందికి చమురు ట్యాంకరు గుర్తొస్తుంది. ఇది తీరానికి ఆనుకుని, ముందరి తలుపులు తెరిచి, వాలుబల్ల మీదుగా యుద్ధట్యాంకులను ఒడ్డుకు దించే ఓడ. "ట్యాంకులు దించే నౌక" అంటే పేచీ ఉండదు. అలాగని దాని పని ట్యాంకులతోనే సరిపోలేదు. 2004 సునామీలో బాధితులను తరలించింది, 2020 లాక్‌డౌన్‌లో మాల్దీవుల రాజధాని మాలేలో చిక్కుకున్న మనవాళ్లను కొచ్చికి చేర్చింది.

ఇక "పదవీ విరమణ". ఓడకు సేవ ఉంటుంది గాని పదవెక్కడిది? ముద్దుగా అన్నారంటే సరే. వ్యాసంలో అయితే "2023 మే 6న కొచ్చిలో సేవల నుంచి విరమింపజేశారు" అనండి. "తప్పించారు" మాత్రం వద్దు, ఏదో నేరం చేసినట్టుంటుంది.

ఇంకొక్కటి. "ఐఎన్‌ఎస్" (ఇండియన్ నేవల్ షిప్) అన్నది నౌకాదళంలో చేరాకే పేరు ముందుకొస్తుంది. కాబట్టి 1984 నాటి సంగతి రాసేటప్పుడు ఉత్త "మగర్" చాలు.