అద్దింట్లో పుట్టగొడుగులు, అప్పు తెచ్చి కార్పెట్టుకి కాపలా

పాలకొల్లు నుంచి ఒకాయన రాశారు. వయసు 34, రొయ్యల మేత కంపెనీలో సేల్స్, ఇన్సెంటివ్ కలుపుకుని నెలకి 38 వేలు చేతికొస్తుంది. భార్య, ఇద్దరు పిల్లలు, బీపీ షుగరు ఉన్న అమ్మగారు. మేడ మీద వాటాలో అద్దెకుంటున్నారు, కింద ఓనరు దంపతులు. ఓనరు గారబ్బాయి అమెరికా నుంచి వచ్చినప్పుడు సరదాపడి మేడ మీద ఒక గదిని హోం థియేటర్‌లా చేయించి, ఆ గోడ నుంచి ఈ గోడ దాకా కార్పెట్టు వేయించాడట. ఆ గది ఊరికే మూసుంటోంది, ఏసీ ఉంది, వెలుతురు రాదు, అందుకని అందులో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచుదామని ఈయన ఆలోచన. అడిగింది ఏంటంటే, కార్పెట్టు పాడవకుండా కింద ఏం వెయ్యాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ల సౌండు కిందకి వినపడకుండా ఏం చెయ్యాలి, ఈ రెండిటికే 75 వేలు అవుద్దంటున్నారు, మొత్తం 4 లక్షల 40 వేలు, అందులో 3 లక్షలు పర్సనల్ లోను, మిగతాది ఉన్న ఎఫ్‌డీ బ్రేక్ చేసి పెడతా, లోను ఎక్కడ తీసుకుంటే వడ్డీ తక్కువ పడుద్ది అని. ఒక యాప్‌లో 16 శాతానికి ఇప్పటికే అప్లై చేసేశారు కూడా.

ఇలాంటివి చాలానే వస్తాయండి, దీనికే ఎందుకు జవాబు రాస్తున్నానంటే పుట్టగొడుగుల ప్లేసులో కేకులు పెట్టుకోండి, టైలరింగ్ మిషన్లు పెట్టుకోండి, రంగు చేపలు పెట్టుకోండి, అందరూ చేసే తప్పు ఇదే. కష్టానికి దాచుకున్న నాలుగు రాళ్ళు తీసుకెళ్ళి పరాయి ఇంటి నేలకీ గోడలకీ అంటించేస్తారు, అది చాలక అప్పు కూడా తెచ్చి అంటిస్తారు. రేపు ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఊడదీసుకుని పట్టుకెళ్ళడానికి ఏమీ ఉండదు. మీ అగ్రిమెంటు 11 నెలలే కదా, అందులో ‘నివాసం కోసం’ అని రాసి ఉంటుంది, ఒకసారి తీసి చూడండి.

లెక్క చూద్దాం. మీరు రాసిన ప్రకారమే అద్దె 9,500, ఇంటి ఖర్చు 14,000, పిల్లల ఫీజులు నెలకి 4,000, అమ్మగారి మందులు 2,500, బండి ఈఎంఐ 3,200. మొత్తం 33,200. మిగిలేది 4,800. మీరు అప్లై చేసిన 3 లక్షలకి 16 శాతం మీద మూడేళ్ళకి ఈఎంఐ సుమారు 10,550 వస్తుంది, అంటే ప్రతి నెలా 5,750 లోటు, అది పుట్టగొడుగులే పూడ్చాలి, అది కూడా మొదటి నెల నుంచే. ఎండుగడ్డిలో విత్తనం కలిపి బ్యాగులు కట్టాక అది తెల్ల బూజులా గడ్డంతా అల్లుకోవడానికే రెండు మూడు వారాలు పడుద్ది, ఆ తర్వాత కోత, ఆ తర్వాత కొనేవాళ్ళని వెతుక్కోవాలి, ఈఎంఐ మాత్రం పై నెలలో ఠంచనుగా కట్ అవుద్ది. మూడేళ్ళకి కట్టే వడ్డీ దగ్గర దగ్గర 80 వేలు. కార్పెట్టుకీ సౌండుకీ పెట్టే 75 వేలు ఒక్క పుట్టగొడుగుని కూడా మొలిపించదు, మొత్తం పెట్టుబడిలో ఆరో వంతు అది. ఎవరి కార్పెట్టు కోసం అండి ఇదంతా?

నాకు ఇంకా భయం వేసేది ఆ ఎఫ్‌డీ గురించి. 1 లక్షా 40 వేలు, మీ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క దన్ను అది. ఆరు నెలల ఖర్చు అంటే మీకు 2 లక్షలు, అంటే ఇప్పటికే 60 వేలు తక్కువ ఉంది, ఆ ఉన్నది కూడా తీసేస్తానంటున్నారు. మీ జీతం ఎక్కడి నుంచి వస్తోందో ఒకసారి ఆలోచించండి, రొయ్య నుంచి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం నుంచి అమలాపురం దాకా రొయ్య మీద బతికే ప్రతి ఇంట్లో గుండెలు జారిపోయాయి, చెరువు వేసేవాడు వెనకాడితే మేత కొనడు, మేత కొనకపోతే మీ టార్గెట్ పోద్ది, ఇన్సెంటివ్ పోద్ది. అదే ఏడాది అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది, ఆ రాత్రి కరెంటు లేకుండా మీ ఏసీ గది ఉంటే బ్యాగుల పరిస్థితి ఏంటి? ఇంచుమించు ఏడాదికోసారి గోదావరికి ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో హెచ్చరిక అంటూ టీవీల్లో చూసే వాళ్ళం మనం, చేతిలో ఆరు నెలల డబ్బు లేకుండా ఉండకూడని ప్రాంతం ఏదైనా ఉంటే అది మనదే. ఆ ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. వడ్డీ తక్కువ వస్తోందని కూడా అనొద్దు, అది వడ్డీ కోసం పెట్టింది కాదు.

ఇక కార్పెట్టు. కార్పెట్టు మీద టార్పాలిన్ వేసి దాని మీద వినైల్ షీటు పరిస్తే సరిపోద్దని ఎవరో చెప్పారన్నారు. సరిపోదు. ఈ పంటకి గదిలో తేమ 80 - 85 శాతం దాటి ఉండాలి, ఆ తేమ అంచుల్లోంచి షీటు కిందకి దూరి బయటకి రాలేక అక్కడే కూర్చుంటుంది, పైకి అంతా శుభ్రంగా కనిపిస్తుంది కానీ ఆరు నెలల తర్వాత షీటు ఎత్తితే కింద నల్ల బూజు, వాసన. దాని పైన ర్యాకుల కాళ్ళు దిగబడ్డ గుంటలు. నీళ్ళు కారే చోట కార్పెట్టుని కాపాడే ఉపాయం ఒక్కటే, దాన్ని చుట్టి వేరే గదిలో పెట్టడం, అదీ ఓనరు గారు సరేనంటేనే, గోడ నుంచి గోడకి అతికించి ఉంటే అదీ కుదరదు. సౌండు సంగతి, గోడలకి అంటించే ఫోము గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తుంది అంతే, ఫ్యాను అదురు గోడలోంచి శ్లాబులోకి దిగి కింద పడుకున్న పెద్దాయన మంచం దాకా పోతుంది, దాన్ని ఫోము ఆపదు. ఫ్యానుకి రబ్బరు వాషర్లు పెట్టి, చిన్న ఫ్యాను స్పీడుగా తిప్పే బదులు పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిప్పితే చాలా వరకు పోద్ది, దానికి వేలల్లో ఖర్చక్కర్లేదు. మీరు లెక్కలో రాయని సౌండు ఇంకోటుంది, గడ్డి కొయ్యడం, తెల్లారగట్ల డ్రమ్ముల్లో గడ్డి ఉడకపెట్టడం, మోటారు. అదంతా మేడ మీదకి ఎలా మోస్తారో నాకైతే అర్థం కాలేదు.

అన్నిటికంటే ముఖ్యం అమ్మగారు. ముత్యపు చిప్ప పుట్టగొడుగు విచ్చుకున్నాక పొడి లాంటి బీజాలు గాల్లోకి వదుల్తుంది, మూసిన గదిలో రోజూ అది పీల్చే వాళ్ళకి దగ్గు, ఆయాసం పట్టుకుంటాయి. ఉంటున్న ఇంట్లోనే ఇది పెట్టడం మంచిది కాదు.

మీరు నవ్వులాటకి రాశారు గానీ, రోజంతా మూసుండే గది, ఏసీ, ఎగ్జాస్టు, రాత్రి లైట్లు చూసి పక్కింటాయన ‘గంజాయి గానీ వేస్తున్నారేంటండీ’ అన్నాడని, అది నవ్వులాట కాదండి. గంజాయి మొక్క పెంచితే ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల) చట్టం 1985 కింద పదేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, తెలిసి ఇల్లు ఇచ్చిన ఓనరుకి కూడా శిక్ష ఉంది. మీరు పెంచేది పుట్టగొడుగే కానీ, ఓనరుకి చెప్పకుండా సౌండు దాచి, తలుపు మూసి ఏదో చేస్తుంటే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది, ఒక్క ఫిర్యాదు చాలు, పోలీసులు వచ్చి వెళ్ళాక ఆ వీధిలో మీరు అద్దెకుండలేరు. సౌండు తగ్గించడానికి 75 వేలు పెట్టేకన్నా కిందకి దిగి ఓనరు గారితో కాఫీ తాగుతూ ఉన్నది ఉన్నట్టు చెప్పడం చవక. ఇంటి మీటరు మీద వ్యాపారం చేస్తే కరెంటోళ్ళు రెట్టింపు టారిఫ్ వెయ్యొచ్చు, ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో ముందే అడగండి.

ఇన్సూరెన్సు గురించి రెండు ముక్కలు. మీకు కంపెనీ ఇచ్చే 2 లక్షల హెల్త్ కవరు ఒక్కటే ఉంది, ఉద్యోగం పోతే అదీ పోద్ది. సొంతంగా ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ ఒకే హెల్త్ పాలసీ) తీసుకోండి, అమ్మగారికి విడిగా, మీ పేర ఒక టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటికి డబ్బిచ్చేది) కూడా. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి మీద జీఎస్టీ లేదు, ఇంకేం సాకు లేదు. ఇంటి సామాను పాలసీలు నివాసానికి ఇచ్చేవి, గదిలో పెట్టిన వ్యాపారం సరుకుకి ఆ కవరు ఉందనుకోవద్దు.

చిన్న వ్యాపారాలకి ఇచ్చే ముద్రా లోను ఉంది, అడగొచ్చు, కానీ ఇప్పుడు కాదు. చెల్లెమ్మ గారి (మీ ఆవిడ) ఆరు కాసుల బంగారం బ్యాంకులో పెడితే పర్సనల్ లోను కన్నా తక్కువ వడ్డీకి వస్తుంది, అది ఆసుపత్రి అవసరానికే. ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, దాని జోలికి అస్సలు వెళ్ళొద్దు. విత్తనం మేమే ఇస్తాం పంట మేమే కొంటాం, ట్రైనింగుకి 15 వేలు కట్టండి అని యూట్యూబ్‌లో చెప్పినతను రాతపూర్వకంగా ఏమిచ్చాడో చూపించమనండి, చూపించడు.

మామగారికి రాజోలు దగ్గర కొబ్బరితోట ఉందన్నారు కదా, అది ఒక్క లైనులో రాసి వదిలేశారు, నాకైతే ఉత్తరం మొత్తంలో పనికొచ్చే విషయం అదే అనిపించింది. తోట నీడలో కొబ్బరాకు పాక, కింద ఇసుక, చుట్టూ తడి గోనెపట్టాలు, మన జిల్లాల్లో పుట్టగొడుగులకి ఏసీ కన్నా అదే నయం, సౌండు లేదు కార్పెట్టు లేదు. గడ్డి అక్కడే దొరుకుద్ది. ఒక్క నెల మిగులు 4,800 తో 20 బ్యాగులు వేసి చూడండి, కేజీ ఎండుగడ్డికి అరకేజీ నుంచి ముప్పావు కేజీ వస్తోందా లేదా, వచ్చింది కొనేవాడు ఎవడు, ఒకటి రెండు రోజులకి మించి నిలవదు కాబట్టి ఏ పూటకాపూట అమ్ముడవుతోందా, అది తేలుద్ది. వేసవిలో ఇది ఎండకి ఆగదు, అప్పటికి పాల పుట్టగొడుగు వేసుకోవచ్చు. నేర్చుకోవడానికి ఆర్‌సెటి సెంటర్లలో (బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాలు) ఫ్రీ ట్రైనింగు ఉంటుంది, వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయంలో కూడా వెళ్ళి అడగండి. తర్వాత నెల నుంచి మిగులంతా ఆ 60 వేల లోటుకే, బండి ఈఎంఐ అయిపోయాక ఆ 3,200 కూడా అందులోకే. 2 లక్షలు నిండాక అప్పుడు మళ్ళీ రాయండి, బ్యాగులు పెంచడం గురించి మాట్లాడుకుందాం.

యాప్‌లో అప్లై చేసింది ఇంకా శాంక్షన్ కాకపోతే ఇవాళే క్యాన్సిల్ చెయ్యండి. ఈలోపు డబ్బు ఖాతాలో పడిపోయిందనుకోండి, కంగారు పడొద్దు, ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు. వాళ్ళిచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంటులో కూలింగ్ ఆఫ్ గడువు, అంటే లోను వద్దనుకుంటే వెనక్కిచ్చేసే గడువు, ఎన్ని రోజులో రాసి ఉంటుంది, రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కనీసం ఒక రోజైనా ఇవ్వాలి. ఆ గడువు లోపల అసలూ, ఉంచుకున్న రోజులకి వడ్డీ కట్టేస్తే ముందుగా తీర్చినందుకు పెనాల్టీ వెయ్యకూడదు, ప్రాసెసింగ్ ఫీజు పోతే పోనివ్వండి. కట్టాక లోను క్లోజ్ అయినట్టు లెటరు తీసుకోండి, నెల తర్వాత సిబిల్ రిపోర్టులో క్లోజ్డ్ అని పడిందో లేదో చూసుకోండి.