ఫోను వాడి చేతికిచ్చి మీరు వాకిట్లోకి రండి

జగిత్యాల జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి తీసేసి, కొంత కుదించి ఇస్తున్నాను.

"మా వారు పన్నెండేళ్లుగా ఖతర్‌లో కంపెనీ పనిలో ఉన్నారు. రెండేళ్లకోసారి, ఎండాకాలంలో పెళ్లిళ్లప్పుడు రెండు నెలల సెలవు మీద వస్తారు. మా అబ్బాయి జిల్లా పరిషత్ బాలుర ఉన్నత పాఠశాలలో పదో తరగతి. ఈ ఏడు బడిలో పదో తరగతి పిల్లలకు ఎనిమిదో తరగతి పిల్లలను ఒక్కొక్కరిని అప్పగించారు. వాళ్లను స్కాలర్‌షిప్ పరీక్షకు చదివించాలట, బడిలో ఏ కార్యక్రమం జరిగినా వెంట ఉండాలట. మావాడి వంతుకు వచ్చిన పిల్లవాడి తండ్రి నిరుడు సౌదీలో చనిపోయాడు. తల్లి, బాపమ్మ బీడీలు చుట్టి నెట్టుకొస్తున్నారు. ఇక మావాడు సాయంత్రం అక్కడే, ఆదివారం అక్కడే. ఆ ముసలామె ఏం పెడుతోందో గాని అన్నం కూడా అక్కడే తిని వస్తున్నాడు.

సెప్టెంబరు 9న కాళోజీ జయంతి సభలో హెడ్మాస్టరు గారు ఈ పిల్లలను జంటలుగా వేదిక మీదికి పిలిచారు. మీ వెనక నిలబడ్డ పెద్దవాళ్లను ఒకరిని తీసుకురమ్మన్నారు. నేను మూడో వరుసలో కూర్చున్నాను. మావాడు నా పక్కనుంచే నడిచి వెళ్లి, ఆ ముసలామె చేయి పట్టుకుని పైకి తీసుకెళ్లాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మొన్న బతుకమ్మకు తంగేడు, గునుగు కోసుకొచ్చి సగం వాళ్లింట్లో ఇచ్చాకే మా గడప తొక్కాడు.

తండ్రి ప్రతి శుక్రవారం ఇమో యాప్‌లో ఫోను చేస్తారు. నేను స్పీకరు పెడతాను. వీడు చదువుకోవాలని తప్పించుకుంటాడు. మాట వినకపోతే బాపుకు చెబుతానంటాను. ఆయన గట్టిగా మందలిస్తే రెండు రోజులు దారిలో ఉంటాడు. ఆయనతో మాట్లాడడు గాని, నా ఫోను తీసుకుని దోహాలో ఎండ ఎంతుందో మాత్రం రోజూ చూస్తాడు. ఇదేం పిచ్చో తెలియదు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. హెడ్మాస్టరు గారు నొచ్చుకోకుండా మావాణ్ణి ఈ పని నుంచి తప్పించమని ఎలా అడగాలి?"

అమ్మా, హెడ్మాస్టరు గారిని ఏమీ అడగకండి. మీవాడు చదివిస్తున్న పరీక్ష జాతీయ ఉపకార వేతన పరీక్ష. అది సాధారణంగా నవంబరు, డిసెంబరుల్లోనే అయిపోతుంది. మార్చికి, దానికి పోటీ లేదు. అందులో నెగ్గితే ఆ పిల్లవాడికి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. నాలుగేళ్లకు 48,000. తండ్రి పోయిన ఇంటికి ఆ డబ్బు ఎంతో మీకు లెక్క చెప్పనక్కరలేదు. ఇక మీవాడి చదువంటారా, నిష్పత్తులూ శాతాలూ ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పగలిగిన పిల్లవాడు తన పరీక్షలో వాటికి తడబడడు. మీరడిగిన ప్రశ్నకు నా జవాబు ఇంతే.

మీరు అడగకుండానే రాసిన మాట ఒకటుంది. దోహాలో ఎండ. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

మీవాడికి తండ్రంటే లెక్కలేదని, ఫోనుకు రాకపోవడం పొగరని మీరనుకుంటున్నారు. నాకు అందులో భయం కనిపిస్తోంది. పదిహేనేళ్ల పిల్లవాడు ఆదివారం ఆదివారం ఎక్కడికి వెళ్లి కూర్చుంటున్నాడో ఒకసారి ఆలోచించండి. సౌదీకి పోయిన మనిషి పెట్టెలో తిరిగొచ్చిన ఇంట్లో. ఆ ఇంట్లో గోడకున్న ఫొటో చూస్తాడు, దండ చూస్తాడు. తమ్ముడిలాంటి పిల్లవాడు నాన్న మాట వస్తే మౌనంగా ఉండిపోవడం చూస్తాడు. ఇంటికొచ్చి మీ ఫోను తీసి తన తండ్రి ఉన్న ఊళ్లో ఎండ ఎంతుందో చూస్తాడు. ఇది పిచ్చి కాదమ్మా. తండ్రి క్షేమం అడగడానికి వాడికి దొరికిన దారి అదొక్కటే. నోటితో అడగలేడు. ఎందుకంటే ఫోనులో ఉన్న మనిషి వాడికి తండ్రిగా తెలియడు, మందలించే గొంతుగా తెలుసు. ఆ గొంతును అలా తయారుచేసింది మీరు.

మాట కటువుగా ఉందని తెలుసు. అయినా వెనక్కి తీసుకోను. మీరిచ్చిన లెక్కే నేను కట్టాను. పన్నెండేళ్లు, ఐదు సెలవులు, సెలవుకు రెండు నెలలు. తండ్రి విమానం ఎక్కినప్పుడు వాడికి మూడేళ్లు. తర్వాత ఈ పదిహేనో ఏడు దాకా వాడు తండ్రితో ఒకే కప్పు కింద ఉన్నది పది నెలలు. ఆ పది నెలలూ ఎండాకాలాలే, పెళ్లిళ్లే, చుట్టాలే. అంటే ఊహ తెలిశాక ఒక్క దసరాకైనా వాడు తండ్రి చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లకు మొక్కలేదు. మిగిలిన కాలమంతా ఆ ఇద్దరి మధ్య ఉన్నది మీరొక్కరే. ఇక్కడి కబురు అక్కడికి, అక్కడి కబురు ఇక్కడికి చేర్చేది మీరు. మరి ఇన్నేళ్లలో మీరు ఏయే కబుర్లు చేర్చారు? మార్కులు తగ్గాయి, ఎదురు మాట్లాడాడు, సెల్లు వదలడం లేదు. అటునుంచి తిట్లు. వీటన్నిటి నడుమ, ఆయన పడుకునే గదిలో ఎంతమంది ఉంటారో, ఏ పూట ఏం తింటారో, చేతికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందో వాడికెవరైనా చెప్పారా? "కంపెనీ పని" అని మీరు నాకు కూడా రెండు మాటల్లో తేల్చేశారు. అది ఏం పనో మీవాడికి తెలుసా? నాకు అనుమానమే.

ఇదంతా బయటి నుంచి చెబుతున్న మాట అనుకోకండి. మా నాన్న మహారాష్ట్రలోని భివండిలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు. నెలకోసారి మనీ ఆర్డరు వచ్చేది. దాని కింద కూపను మీద రెండు మూడు వరుసలకే చోటు. అందులో ఇరికించి రాసేవాడు. మా అమ్మకు చదువు రాదు కాబట్టి చదివేది నేను, జవాబు రాసేదీ నేనే. అమ్మ చెబుతుంటే ఇన్‌లాండు కవరు మీద నా చేత్తో నేనే రాసేదాన్ని: "చిన్నది మాట వినడం లేదు, బడి ఎగ్గొట్టి ఆడుకుంటోంది." మీద పడి ఏడ్చినా ఆ వాక్యం కొట్టేయనిచ్చేది కాదు. ఆమెను తప్పు పట్టడం లేదు. ఇల్లంతా ఒక్కతే మోసే మనిషికి ఆ బెదిరింపు ఒక్కటే చేతికర్ర. కాని నాన్న ఇంటికి వచ్చినప్పుడు నా గురించి ఆయనకు తెలిసింది ఆ ఉత్తరాల్లో ఉన్నది మాత్రమే. ఆయన నాతో మొదలుపెట్టే మాట ఎప్పుడూ అక్కడి నుంచే మొదలయ్యేది. ఆయనకు దూది ధూళితో దగ్గు పట్టిందని, రాత్రి పాళీలోనే కూలి కాస్త ఎక్కువని అదే ఎంచుకునేవాడని ఆయన పోయాక తోటి కార్మికులు చెబితే తెలిసింది. బతికుండగా ఒక్క కూపను మీదైనా నేను "నీ దగ్గు ఎలా ఉంది నాన్నా" అని అడగలేదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మీ కొడుకు ఎండ ఎంతో చూస్తున్నాడు. నాకంటే ఎంతో ముందున్నాడు వాడు.

సభలో జరిగినదానికి మీకు తగిలిన దెబ్బ చిన్నదని నేననను. భర్త పక్కన లేకుండా పన్నెండేళ్లు ఇల్లు నడిపి, పిల్లవాణ్ణి పదో తరగతి దాకా తెచ్చిన తల్లి మూడో వరుసలో కూర్చుని ఉంటే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. అయితే వేదిక ఎక్కింది ఇద్దరు పిల్లలు. ఒకడి తల్లి ఎదురుగా కూర్చుని ఉంది. రెండోవాడి వెనక ఎవరున్నారో నలుగురికీ కనబడాలని మీవాడు అనుకున్నాడు. అంత మంది ముందు ఒక ముసలామె చేయి పట్టుకుని మెట్లెక్కించడం పదిహేనేళ్ల మగపిల్లవాడికి సులువైన పని కాదు. ఆ బుద్ధి వాడికి ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు? మీ ఇంట్లోంచే.

"ఆ ముసలామె ఏం పెడుతోందో" అన్న మాటను మాత్రం మీరు మనసులోంచి కూడా తీసేయాలి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కట్టే ఇల్లది. తునికాకు కత్తిరించీ కత్తిరించీ కాయలు కాసిన చేతులతో ఆమె మీ బిడ్డకు ముద్ద పెడుతోంది. మీరే ఒక పూట వాళ్లింటికి వెళ్లండి. ఉత్త చేతులతో వెళ్లకండి. కూర్చుని మాట్లాడండి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇస్తోంది. దరఖాస్తు జిల్లా కలెక్టరు కార్యాలయంలో పెట్టాలి. వాళ్లు పెట్టుకున్నారా, కాగితాలు ఎక్కడైనా ఆగిపోయాయా అడగండి. గల్ఫ్ కాగితాల సంగతి మీకు బాగా తెలిసి ఉంటుంది, వాళ్లకు తోడు వెళ్లగలిగే మనిషి మీరే. తల్లి ఆ గడపలో కూర్చోవడం మీవాడు చూస్తే మీరు వాడికి చెప్పాల్సిన మాటలు సగం తగ్గిపోతాయి.

ఇక మీ వారి సంగతి. డబ్బు పంపిస్తున్నాడు గనక తండ్రి పని అయిపోయిందని మన వైపు చాలా ఇళ్లలో అనుకుంటారు. నేనెప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఆయన కష్టం తక్కువదని కాదు. ఆ కష్టం కొడుక్కి తెలియకుండా పోవడం ఆయనకు జరుగుతున్న అన్యాయం. శుక్రవారం దాకా ఆగకండి. ఈ వారంలోనే ఒక రాత్రి, పిల్లవాడు పడుకున్నాక, మీరిద్దరే మాట్లాడుకోండి. మార్కుల ఊసు ఎత్తవద్దు. మీవాడు ఇంకొక పిల్లవాడికి లెక్కలు చెబుతున్నాడని చెప్పండి. తంగేడు పూలు పంచిన సంగతి చెప్పండి. చివరగా, రోజూ దోహాలో ఎండ చూస్తాడని చెప్పండి. ఆ మాట విని ఆయన కాసేపు ఏమీ మాట్లాడకపోతే మీరు కూడా మాట్లాడకండి.

తర్వాత వాడితో ఏం మాట్లాడాలని ఆయన అడిగితే, ఎండ గురించే చెప్పమనండి. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదని 2021 నుంచి నిబంధన ఉంది. ఆ వేళలో ఆయన ఏం చేస్తారు, ఎన్ని గంటలకు లేస్తారు, నీళ్లు ఎలా తాగుతారు, పనిచోటికి ఎలా వెళతారు, ఇవన్నీ వాడికి తండ్రి నోటి నుంచి అందాలి. మీరు మధ్యలో ఉండి చెబితే పనికి రాదు. వీలైతే పనిచోటును వీడియోలో చూపించమనండి. తన తండ్రి ఎండలో మాడే కూలివాడని తెలిస్తే పిల్లవాడి ముందు చిన్నబోతానని ఆయనకు ఉంటే, ఆ బిడియం వదిలేయమని నా మాటగా చెప్పండి. ఆ ముసలామె చేయి పట్టుకుని వేదిక ఎక్కిన పిల్లవాడు తండ్రి చేతులు చూసి సిగ్గుపడడు.

వచ్చే ఎండాకాలం సెలవుకు వచ్చినప్పుడు పెళ్లి పత్రికలు పట్టుకుని ఊళ్లు తిరగకముందే, వాణ్ణి వెంటబెట్టుకుని ఇంటర్‌లో చేర్పించడానికి ఆయనే వెళ్లాలి. తండ్రి సంతకం చోట ఈసారి తండ్రే సంతకం పెట్టాలి. మేనమామను పంపకండి. ఈలోపు వాడు రాత్రుళ్లు నిద్ర పట్టక లేచి కూర్చోవడం, అన్నం మానేయడం లాంటివి కనబడితే చూస్తూ ఊరుకోవద్దు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ 14416కు ఫోను చేయండి, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

"బాపుకు చెబుతాను" అన్న బెదిరింపును ఈ రోజుతో ఆపేయండి. వాణ్ణి మందలించాల్సి వస్తే మీరే మందలించండి. ఆ అధికారం మీకుంది. పన్నెండేళ్లుగా ఇంటికి పెద్ద మీరే.

శుక్రవారం ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ సాయంత్రం ఐదున్నర. ఫోను మోగగానే స్పీకరు పెట్టకుండా వాడి చేతికివ్వండి. ఇచ్చి మీరు వాకిట్లోకి వచ్చేయండి. తలుపు దగ్గర నిలబడి వినకండి. మొదటిసారి రెండు నిమిషాల్లోనే బయటికొచ్చి ఫోను మీ చేతిలో పెట్టేస్తాడు. తీసుకోండి. బాపు ఏమన్నాడని మాత్రం అడగకండి.