సందేహాలు – సమాధానాలు: సదిశ సరే, టెన్సర్‌కు తెలుగేది?

సందేహం: మా అమ్మాయి ఫిజిక్స్ పుస్తకంలో స్కేలర్‌ను అదిశ అని, వెక్టర్‌ను సదిశ అని ఇచ్చారు. దిశ ఉంటే సదిశ, లేకుంటే అదిశ అనుకుంటే చాలా? టెన్సర్‌ను 'ద్విదిశ' అనవచ్చా? – ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం: మాట వరకు మీరన్నది నిజమే. సకారణం, అకారణం లాగే సదిశ, అదిశ. ఒక్క అక్షరమే తేడా కాబట్టి క్లాసులో వెనక బెంచీకి రెండూ ఒకటిగానే వినిపిస్తాయి, అది వేరే బాధ.

మీరు నల్లగొండ వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరారనుకోండి. తిరిగిన దూరం రానూపోనూ కలుస్తుంది. అది అదిశ. బయల్దేరిన చోటికే వచ్చారు కాబట్టి స్థానభ్రంశం సున్నా. అది సదిశ. కండక్టర్ టికెట్ కొట్టేది మాత్రం దూరానికే! వడి, వేగం కూడా ఇలాంటివే. మన మాటల్లో రెండూ ఒకటే, జల్ది పోవడమే. ఫిజిక్స్ వాళ్లు వడిని అదిశకు, వేగాన్ని సదిశకు పంచారు.

అయితే పేరును నిర్వచనం అనుకుంటే దెబ్బతింటాం. కరెంటుకు దిశ ఉంది, అయినా అది అదిశే. 3 ఆంపియర్లు, 4 ఆంపియర్లు వచ్చి ఒక జాయింటులో కలిస్తే, తీగలు ఏ కోణంలో ఉన్నా, బయటికి పోయేది 7. అదే 3, 4 న్యూటన్ల బలాలు లంబంగా లాగితే ఫలితం 5. ఇలా దిశను లెక్కలోకి తీసుకుని కూడితేనే సదిశ.

ఇక టెన్సర్. నాగార్జునసాగర్ డ్యామ్ రాతికట్టడం. పైనుంచి కట్టడం బరువు, పక్కనుంచి నీటి తోపుడు. లోపలి రాయిని ఊహలో ఒక తలం వెంట కోసి చూస్తే, ఆ ముఖం మీద పడే బలం ఒక రకంగా ఉంటుంది. కోత వాలు మారిస్తే బలమూ మారుతుంది. బలం ఎటు, ముఖం ఎటు అని రెండూ చెప్పాలి. ఒకదానికొకటి లంబంగా ఉన్న మూడు ముఖాలు, ఒక్కో ముఖం మీది బలానికి మూడు దిశల్లో మూడేసి చొప్పున 9 సంఖ్యలు. ఈ ప్రతిబలం (స్ట్రెస్) ఒక టెన్సర్.

అలాగని 'ద్విదిశ' అంటే ఇలా రెండు దిశలు చెప్పాల్సిన రెండో కోటి (ర్యాంక్) టెన్సర్‌కే సరిపోతుంది. మూడో కోటివి, నాలుగో కోటివి కూడా ఉన్నాయి. పైగా సున్నా కోటి టెన్సరే అదిశ, ఒకటో కోటిది సదిశ. అంటే ఇవి మూడు వేరు కులాలు కావు, ఒకే ఇంటివి. హిందీలో 'ప్రదిశ' అన్నారు గానీ, మన చెవికి అది ప్రదేశంలా తగులుతుంది.

టెన్సర్‌కు మూలం సాగదీయడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు. నేటి అర్థంలో 1898లో ఫోక్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త, స్ఫటికాల్లోని ప్రతిబలాల గురించి రాస్తూ వాడాడు. మనం రోజూ పడే టెన్షన్‌ది కూడా ఆ ధాతువే. టెన్షన్‌ను తెలుగు చేసుకోకుండానే నెట్టుకొస్తున్నాం కదా, మీ అమ్మాయిని టెన్సర్ అనే రాయమనండి.