హాలోజన్ ఏ కార్బన్ మీద ఉందో ముందు చూడు తల్లీ

చిట్టితల్లీ,

నువ్వు రిసెర్చ్ ల్యాబ్‌లో చేరావనీ, వచ్చే వారం నుంచి సొంతంగా రియాక్షన్లు పెడతావనీ నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నీ ప్లాన్ కాగితం ఫొటో కూడా పంపింది. మూడు మెట్లు. ఫీనాల్‌ని మిథైల్ అయొడైడ్‌తో ఈథర్ చెయ్యడం, అదే అణువులో గొలుసు చివరున్న బ్రోమైడ్‌ని అజైడ్‌గా (మూడు నైట్రోజన్ల గుంపు) మార్చడం, తర్వాత ఇంకో అణువులో సెకండరీ బ్రోమైడ్ (బ్రోమిన్ ఉన్న కార్బన్‌కి ఇంకో రెండు కార్బన్లు అతుక్కున్నది) మీద మళ్లీ అజైడ్. మూడూ ప్రతిక్షేపణలే, అంటే ఒక గుంపు ఊడి దాని చోట ఇంకోటి కూర్చోవడమే. నేను ఇన్నేళ్లూ బోర్డు మీద గీసిన బాణాలు నువ్వు చేతులతో చెయ్యబోతున్నావు. ఫొటో పెద్దది చేసి నీ చేతిరాత చూసుకుని మురిసిపోయాను. రెండో మెట్టు దగ్గర నువ్వు రాసిన ఒక్క మాట చూశాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే ఈ ఉత్తరం. ఆ మాట సంగతికి వస్తాను, అప్పటిదాకా ఓపికగా చదువు.

తెలిసిన సంగతులు ముందు. గాజుసామాను ఆరబెట్టుకో. పొటాషియం కార్బొనేట్ మెత్తగా నూరి, ఓవెన్‌లో ఎండబెట్టి వాడు. రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చూసే టీఎల్‌సీ ప్లేటు మీద మొదటి పదార్థపు చుక్క పక్కనే ఉండాలి. కళ్లజోడు తియ్యకు. ఇవి నీకు తెలుసు.

ఇప్పుడు నా కథ విను. దీన్ని క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ప్రాజెక్టులో పోల్చి చూసుకోవడానికి ఇథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్ కొంచెం కావలసొచ్చింది. విలియమ్సన్ 1850లో చూపించిన దారి ఉండనే ఉంది: ఆల్కాక్సైడ్, ఆల్కైల్ హాలైడ్ కలిపితే ఈథర్. అల్మారాలో టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్ ఉంది. సోడియం ముక్కలు ఇథనాల్‌లో వేస్తే ఇథాక్సైడ్ తయారు. ఇంకేం కావాలి అనుకున్నాను. 13.7 గ్రాములు, అంటే సరిగ్గా 0.1 మోల్ తూచి, 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో రిఫ్లక్స్ పెట్టాను, అంటే ఆవిరి పైనున్న కండెన్సర్‌లో చల్లబడి మళ్లీ ఫ్లాస్కులోకే కారేలా మరిగించడం. పావుగంటలో తెల్లటి ఉప్పు పాలు విరిగినట్టు దిగిపోవడం మొదలైంది. సోడియం బ్రోమైడ్! బ్రోమిన్ ఊడింది కాబట్టి ఇథాక్సీ దాని చోట కూర్చున్నట్టే అని సంబరపడ్డాను. చల్లార్చి నీళ్లు పోశాను. ఈథర్ పైన పొరగా తేలాలి. తేలలేదు. ఉప్పంతా కరిగిపోయి, ఫ్లాస్కులో తేటగా ఒకటే ద్రవం మిగిలింది. కళ్లు దగ్గరగా పెట్టి వెలుతురుకెదురుగా చూశాను. గీతంత పొర కూడా లేదు.

అక్కడ ఆగి ఆలోచించి ఉండాల్సింది. నా ఈథర్ కండెన్సర్ లోంచి ఆవిరైపోయిందని నిశ్చయించుకున్నాను. మర్నాడు అదే రియాక్షన్ మళ్లీ పెట్టి, ఈసారి కండెన్సర్ పై మూతికి రబ్బరు బిరడా గట్టిగా బిగించాను.

బల్లకి అవతలి పక్క నా స్నేహితురాలు తన పని తను చేసుకుంటోంది. టప్పుమని శబ్దం. బిరడా సీలింగుకి తగిలింది, దాని వెనకే మరిగే ఇథాక్సైడ్ ద్రావణం కండెన్సర్ లోంచి ఎగజిమ్మింది. ఆమె కళ్లజోడు అద్దాల మీద పడ్డ చుక్కలు ఇప్పటికీ నా కళ్ల ముందున్నాయి. రెండు అద్దాల మీదా పడ్డాయి. మణికట్టు మీద ఒక చోట కాలింది. జోడు లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఈ వయసులోనూ నా చెయ్యి వణుకుతుంది. ట్యాప్ కింద ఆమె చేయి పట్టుకుని నిలబడ్డ ఆ పావుగంటలో మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఆ సాయంత్రం నోట్‌బుక్‌లో నేను రాసింది "బిరడా ఊడింది" అని. నేనే మూశానని రాయలేదు. ఆ పేజీ నా దగ్గర ఇంకా ఉంది.

మా సార్ ఆ పేజీ చదివి కోప్పడలేదు. ఒక్కటే అడిగారు: "హాలోజన్ ఏ కార్బన్ మీద ఉందమ్మా?"

హాలోజన్ అంటే ఇక్కడ బ్రోమిన్. జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. ఆ కార్బన్ చుట్టూ మూడు మిథైల్ గుంపులు. ఎస్ఎన్2, అంటే ఒకటి వచ్చి కూర్చుంటుండగానే ఇంకోటి ఊడే ప్రతిక్షేపణ, జరగాలంటే న్యూక్లియోఫైల్ (కార్బన్‌కి ఎలక్ట్రాన్లిచ్చి అతుక్కునేది) బ్రోమిన్‌కి సరిగ్గా ఎదురు వైపు నుంచి, వెనక నుంచి రావాలి. వెనక దారి మూసుకుపోయి ఉంది. ఇథాక్సైడేమో బలమైన క్షారం. కార్బన్ అందకపోతే ఊరుకోదు, బయటికి కనిపిస్తున్న తొమ్మిది హైడ్రోజన్లలో ఒకటి లాక్కుంటుంది. బ్రోమిన్ అప్పుడూ ఊడుతుంది, ఉప్పు అప్పుడూ దిగుతుంది. మిగిలేది ఈథర్ కాదు, ఐసోబ్యూటిలీన్. అది సున్నాకి ఏడు డిగ్రీల కిందే మరిగే వాయువు. 0.1 మోల్ అంటే రెండు లీటర్ల పైచిలుకు వాయువు, నేను బిరడా బిగించిన పావు లీటరు ఫ్లాస్కులో. క్షారం లేకుండా ఉత్త ఇథనాల్‌లో గది ఉష్ణోగ్రత దగ్గర వదిలేసినా ఎస్ఎన్1 దారిన, అంటే బ్రోమిన్ ముందు తనంతట తను ఊడి తర్వాత ఇథనాల్ వచ్చి కూర్చునే దారిన, చాలా వరకు ఈథరే వచ్చేది.

మూడోరోజు కండెన్సర్ పైనుంచి గొట్టం పెట్టి, హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగేసే అర) బ్రోమిన్ నీళ్లలోకి వదిలాను. బుడగలు లేచిన కొద్దీ గోధుమరంగు పలచబడి, పసుపై, చివరికి నీళ్లు తేటపడ్డాయి. రంగు పోగొట్టింది ఐసోబ్యూటిలీనే. అప్పుడు నమ్మాను. తర్వాత రెండు సగాలూ తారుమారు చేశాను: టెర్షియరీ బ్యూటాక్సైడ్ వైపు అడ్డంగా ఉన్న కార్బన్, బ్రోమైడ్ వైపు ఇథైల్. నీళ్లు పోయగానే పైన పొర తేలింది.

కాబట్టి నీ కాగితం మీద ప్రతి మెట్టు పక్కనా ముందు ఆ కార్బన్ గురించి రాయి, రియేజెంటు తర్వాత. ఎస్ఎన్2లో ఇథైల్ కన్నా మిథైల్ సుమారు 30 రెట్లు వేగం, ఐసోప్రొపైల్ ఇథైల్ కన్నా దాదాపు అన్ని రెట్లూ నెమ్మది. నియోపెంటైల్ పేరుకు ప్రైమరీయే (హాలోజన్ ఉన్న కార్బన్‌కి ఒకే కార్బన్ అతుక్కున్నది), కానీ పక్క కార్బన్ మీది గుంపు అడ్డుపడి లక్ష రెట్లు నెమ్మదిస్తుంది. పేరు చూసి మోసపోకు, బొమ్మ గీసి చూడు.

నీ మొదటి మెట్టులో కార్బన్ మిథైల్. రియాక్షన్ హాయిగా నడుస్తుంది. నీ అణువు చివర బ్రోమైడ్ కూడా ఉంది కాబట్టి ఒక ఫీనాక్సైడ్ (క్షారం హైడ్రోజన్ లాక్కున్న ఫీనాల్) ఇంకో అణువు తోకని పట్టుకునే ప్రమాదం లేకపోలేదు. మిథైల్ అయొడైడ్ కొంచెం ఎక్కువ తీసుకుంటే అదే గెలుస్తుంది. కానీ ఆ వేగమే నా భయం. కాగితం మీద "గ్లవ్స్" అని ఒక్క మాట రాసి ఊరుకున్నావు. ఏ గ్లవ్స్? పలచటి నైట్రైల్ గ్లవ్స్ లోంచి అది నిమిషాల్లో దూరిపోతుంది. కింద లామినేట్ గ్లవ్స్ వేసుకుని, పైన నైట్రైల్ వేసుకో. 42 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి బాటిల్ చల్లబరిచి, హుడ్‌లోనే తెరువు. చేతిలోకి తీసుకున్నప్పుడు ఆశ్చర్యపోకు, నీటి కన్నా రెండింతలకు పైగా బరువు. రంగు గులాబీలోకి తిరిగి ఉంటే అయొడిన్ విడిపోతోందని అర్థం. కొన్ని బాటిళ్లలో రాగి తీగ ముక్క వేసి ఉంచేది అందుకే. నీ ఫీనాల్ మీద అది చేసే పనే నీ ఒంట్లోని ప్రొటీన్ల మీదా, డీఎన్ఏలో నైట్రోజన్ల మీదా చేస్తుంది. మిగిలిపోయినదాన్ని సజల అమోనియాతో పూర్తిగా చంపాకే హుడ్ బయటికి తియ్యి. విసుక్కోకు తల్లీ, దీనికి వాసన ముందుగా హెచ్చరిస్తుందని నమ్మడానికి లేదు.

ఇక నా నిద్ర చెడగొట్టిన మాట. రెండో మెట్టు: "సోడియం అజైడ్, డీఎంఎఫ్, 60 డిగ్రీలు." బాగుంది, డీఎంఎఫ్ ద్రావణి మంచి ఎంపికే. మిథనాల్‌లో అయితే హైడ్రోజన్ బంధాలు అజైడ్‌ని చుట్టేసి పట్టుకుంటాయి. డీఎంఎఫ్ సోడియం వైపు చూసుకుని అజైడ్‌ని విడిగా వదిలేస్తుంది. బ్యూటైల్ బ్రోమైడ్ మీద ఈ తేడా సుమారు 2800 రెట్లు. అక్కడి దాకా నీకు నూటికి నూరు వేస్తాను. దాని కింద రాశావు: "వర్కప్, డైక్లోరోమీథేన్."

ఉత్పన్నాన్ని వేరు చేసే వర్కప్‌కి అది ఉత్త సాల్వెంట్ అనుకున్నావు కదూ. దాని బొమ్మ గీయి. ఒకే కార్బన్, దాని మీద రెండు క్లోరిన్లు, వెనక దారి బార్లా తెరిచి ఉంది. అది కూడా హాలో ఆల్కేనే తల్లీ. మిగిలిన అజైడ్ దాని మీదా పనిచేస్తుంది. వచ్చేది డైఅజిడోమీథేన్, ముట్టుకుంటే పేలే పదార్థం. రోటరీ (సాల్వెంట్‌ని ఆవిరి చేసే యంత్రం) మీద సాల్వెంట్ లాగేస్తుంటే అది అడుగున చిక్కబడుతుంది, నువ్వు ఎదురుగా నిలబడి ఉంటావు. క్లోరోఫామూ అంతే. ఆ మాట ఇవాళే కొట్టేసి ఇథైల్ అసిటేట్ అని రాయి. రియాక్షన్‌కి వాడే ఫ్లాస్కులో, ఫనెల్‌లో, వేస్ట్ బాటిల్‌లో కూడా క్లోరిన్ సాల్వెంట్ అంటూ ఉండకూడదు. ఆమ్లం ఉన్న బాటిల్‌లో అజైడ్ నీళ్లు పోయకు, హైడ్రజోయిక్ ఆమ్లం లేస్తుంది. అది 37 డిగ్రీలకే మరిగే విషం, పైగా పేలుతుంది. లోహపు స్పాచులా వద్దు. సింకులో అసలు వద్దు, పైపుల్లోని రాగితో, సీసంతో కలిసి పేలే ఉప్పులవుతాయి.

నీ ఉత్పన్నం లెక్క కూడా వేశాను. కార్బన్లు 11, ఆక్సిజన్ 1, నైట్రోజన్లు 3. అజైడ్ పేలే భయం తగ్గాలంటే కార్బన్లూ ఆక్సిజన్లూ కలిపి నైట్రోజన్లకి మూడు రెట్లయినా ఉండాలంటారు. నీకు నాలుగు రెట్లున్నాయి. అయినా ఎండబెట్టి వేడి చెయ్యకు.

మూడో మెట్టు చూసి ముచ్చటేసింది. వాల్డెన్ 1896లో మొదట గమనించిన విలోమం, గాలికి గొడుగు తిరగబడ్డట్టు అణువు తిరగబడటం, నీ చేతిలో జరగబోతోంది. అజైడ్ బలహీనమైన క్షారం కాబట్టి సెకండరీ మీద కూడా ఎలిమినేషన్ (నా ఫ్లాస్కులో లాగా హైడ్రోజన్, బ్రోమిన్ రెండూ ఊడిపోవడం) పెద్దగా బాధించదు. కానీ ఒకటి గుర్తుంచుకో. 1935లో హ్యూస్, సహచరులు ధ్రువణ భ్రమణం చూపే (ధ్రువిత కాంతిని ఒక వైపుకి తిప్పే) 2-అయొడో ఆక్టేన్‌ని రేడియోధార్మిక అయొడైడ్‌తో ఎసిటోన్‌లో కలిపి చూశారు. అయొడిన్ మారే వేగానికి సరిగ్గా రెట్టింపు వేగంతో భ్రమణం తరిగిపోయింది. మారిన ప్రతి అణువూ తిరగబడి, తిరగబడని ఇంకోదాన్ని రద్దు చేసింది కాబట్టి. ఆ ఒక్క రెండు అనే అంకె కోసమే నేను ఈ సబ్జెక్టుని ప్రేమించాను. నీ ఫ్లాస్కులోనూ అదే జరుగుతుంది: వదిలి వచ్చిన బ్రోమైడ్ వెనక్కొచ్చి, ఇంకా మారని నీ బ్రోమైడ్‌ని తిరగేస్తుంది. తర్వాత అజైడ్ దాన్ని మళ్లీ తిప్పుతుంది, నువ్వు కాపాడుకున్న కైరాలిటీ (కుడి ఎడమ చేతుల్లాంటి తేడా) కరిగిపోతుంది. వేడి తగ్గించు, అయిపోగానే ఆపు. వీలైతే బ్రోమైడ్ బదులు టోసిలేట్‌తో (ఊడాక వెనక్కొచ్చి అంతగా దాడి చెయ్యని గుంపు) మొదలుపెట్టమని మీ గైడ్‌ని అడుగు. అడగడానికి మొహమాటపడకు.

కాగితం దిద్ది మళ్లీ ఫొటో పంపు, ఈసారి నాకే నేరుగా. మొదటి ఫ్లాస్కు ఎక్కించిన రోజు సాయంత్రం ఎంత ఆలస్యమైనా ఫోన్ చెయ్యి. ఈల్డ్ ఎంతని అడగను. కండెన్సర్ పైన ఏం పెట్టావో అడుగుతాను.

నీ
పెద్దమ్మ