సూర్యలంక బీచ్ కాకుండా బాపట్లలో చూడటానికి ఏమైనా ఉందా? ఊరి చరిత్ర ఏమిటి?

హైదరాబాద్ నుంచి సూర్యలంక వెళ్తూ బాపట్లలో ఒక పూట ఆగొచ్చా అని కదా మీ ప్రశ్న. ఆగండి, కానీ బీచ్‌కి ముందే. గుడి మధ్యాహ్నం మూసేస్తారు. పైగా ఉప్పునీళ్ళలో ఆడొచ్చాక ఊరు చూసే ఓపిక ఎవరికీ మిగలదు.

పొద్దున్నే భావనారాయణస్వామి గుడికి వెళ్ళండి. ఊరికి భావపురి అన్న పాత పేరు ఈ స్వామి వల్లే వచ్చింది. పంచ భావనారాయణ క్షేత్రాల్లో ఇదొకటి, దగ్గర్లోనే ఉన్న పొన్నూరు ఇంకొకటి. చోళుల కాలం నాటి శాసనాలున్న గుడి ఇది. దర్శనం కాగానే వచ్చేయకుండా ప్రదక్షిణలో గర్భగుడి వెనక్కి వెళ్ళి తలెత్తి విమానం, అంటే గర్భగుడి మీది కట్టడం చూడండి. ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది, గజపృష్ఠం అంటారు. మన వైపు ఇలాంటివి తక్కువ.

1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది ఈ ఊళ్ళోనే. తెలుగువాళ్ళకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్న మాట అక్కడ గట్టిగా చర్చకు వచ్చింది. నన్నడిగితే బాపట్ల అసలు చరిత్ర మాత్రం మీ ఇంట్లో బియ్యం డబ్బాలో ఉంది. 1945లో ఇక్కడ వ్యవసాయ కళాశాల పెట్టారు. రైతులు 'బీపీటీ' అని పిలిచే వరి రకాలు ఇక్కడి పరిశోధన కేంద్రం నుంచి వచ్చినవే, ఆ మూడక్షరాలు బాపట్లవే. సోనా మసూరి అంటే బీపీటీ 3291. 1986లో విడుదలైన సాంబ మసూరి బీపీటీ 5204. అన్నం బాగుంటుంది, ధర పలుకుతుంది. చిక్కల్లా పంట కాలంతోనే. దాదాపు ఐదు నెలల పంట కావడంతో జూలై, ఆగస్టుల్లో నాట్లు పడితే కోతలు సరిగ్గా తుపాన్ల నెలల్లోకి వస్తాయి. కాలవ చివరి ఊళ్ళకు నీళ్ళు ఆలస్యంగా అందితే కోత డిసెంబరులోకి జరుగుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు చేను పడిపోయి, నీళ్ళలో నానిన కంకులకు మొలకలొస్తాయి. జనవరిలో వస్తే వరి కోసిన మళ్ళలో దుక్కి లేకుండానే పచ్చగా మినుము కనిపిస్తుంది. కోతకు రెండు మూడు రోజుల ముందే, నేలలో తడి ఉండగా విత్తనం చల్లేస్తారు.

సముద్రం వైపు వెళ్ళేకొద్దీ నల్లరేగడి పోయి ఇసుక నేలలొస్తాయి, వేరుశనగ, కూరగాయలు కనిపిస్తాయి. అక్కడ ఎవరినైనా అడిగి దొరువు చూడండి. ఇసుకలో రెండు మూడు మీటర్ల లోతున, గట్లు ఏటవాలుగా తవ్విన గుంట అది. రైతు రెండు చేతుల్లో రెండు కుండలతో దిగి, ముంచుకుని పైకొచ్చి మడి మీద చిలకరించడం పాత పద్ధతి. ఇసుకలోకి ఇంకిన వాన నీళ్ళు తేలిక కాబట్టి అడుగునున్న ఉప్పు నీటి మీద పలచగా తేలుతుంటాయి. పైపైన తోడుకుంటే తియ్యటి నీళ్ళే. ఆశపడి లోతుగా బోరు దించి పెద్ద మోటారు పెడితే ఉప్పు నీరు పైకి లేస్తుంది. అందుకే ఇసుకలో బెజ్జాల పైపులు అడ్డంగా పరిచి, నీటిని ఒక బావిలోకి చేర్చి, నిదానంగా తోడే పద్ధతిని బాపట్ల శాస్త్రవేత్తలు ప్రచారంలోకి తెచ్చారు.

సూర్యలంక ఊరికి 9 కిలోమీటర్లు, స్టేషన్ దగ్గర ఆటోలు దొరుకుతాయి. రైలైతే విజయవాడ–చెన్నై లైన్లో తెనాలికి, చీరాలకి మధ్య బాపట్ల స్టేషన్లో దిగాలి. పక్కనే వైమానిక దళ స్థావరం ఉంది, ఆ వైపు కెమెరా తిప్పకండి. ఈ బీచ్‌లో మునిగి చనిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే చోటే నీరు లోపలికి లాగుతుంది. మోకాలి లోతు దాటొద్దు. లాగితే ఒడ్డుకి ఎదురీదకుండా ఒడ్డు వెంబడి పక్కకి ఈది బయటపడాలి. అల్పపీడనం ఉన్నప్పుడు పోలీసులు బీచ్ మూసేస్తుంటారు, బయల్దేరే ముందు కనుక్కోండి. కార్తీక పౌర్ణమి నాడైతే ఆ రోడ్డు మీద కారు కదలదు.

ఇంకో రోజు చేతిలో ఉంటే ఒకప్పటి ఓడరేవు మోటుపల్లి వెళ్ళండి. కాకతీయ గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిస్తూ 1244 ప్రాంతంలో వేయించిన శాసనం అక్కడి వీరభద్రాలయంలోదే.